యూరియా వైపే ఎందుకు మొగ్గాం?

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి పడిగాపులు కాశారు. వరంగల్ పల్లెల్లోనూ అదే అవస్థ. కొరత గురించి చాలా మాట్లాడుకున్నాం. పొలం ఒక్క ఎరువుకే ఇంతగా ఎలా అలవాటు పడిందో మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

యూరియాలో ఉన్నది 46 శాతం నత్రజని, అంతే. మొక్కకు 17 మూలకాలు కావాలి. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి, నీళ్ల నుంచి వస్తాయి. మిగతా 14 ప్రధానంగా నేలే ఇవ్వాలి. వాటిలో ఏది తగ్గినా, మిగిలినవి ఎంత పోసినా ఆ లోటు తీరదు.

పూర్వం ఎండాకాలంలో చెరువు మట్టి, పశువుల ఎరువు బండ్లపై చల్క నేలలకు చేరేవి. నత్రజనితో పాటు జింకు వంటి సూక్ష్మపోషకాలూ వాటితోనే వచ్చేవి. కాకతీయ కాలువ, బోర్లు వచ్చాక వరి విస్తరించింది, రెండో పంటా వచ్చింది. నేల నుంచి తీసుకునేది పెరిగింది, తిరిగి ఇచ్చేది యూరియా బస్తాకు కుదించుకుపోయింది.

అసలు మలుపు 1992 ఆగస్టు. భాస్వరం, పొటాష్ ఎరువులపై కేంద్రం ధరల నియంత్రణ ఎత్తేసింది, యూరియాపై ఉంచింది. 2010లో పోషకాల ఆధారంగా రాయితీ తెచ్చినప్పుడూ యూరియాను బయటే ఉంచింది. ఇప్పుడు 45 కిలోల యూరియా బస్తా దాదాపు 267 రూపాయలు, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ 50 కిలోల బస్తా 1,350. ఈ ధరలు చూసి యూరియా కొన్న రైతును నిందించడం అన్యాయం.

నష్టం మాత్రం అతని పొలంలోనే కనిపిస్తుంది. వరి నాటిన రెండు, మూడు వారాలకు ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారితే అది చాలా సార్లు జింకు లోపం. ఈ తెగులుకు కారణం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త వై.ఎల్. నెనె తేల్చారు. నీళ్లు నిలిచిన మడిలో జింకు వేళ్లకు అందడం తగ్గుతుంది, భాస్వరం ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. పైరు ఎదగడం లేదని మరో బస్తా యూరియా చల్లితే ఫలితం ఉండదు. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి, డీఏపీతో కలపకుండా. పత్తిలో ముదురు ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడితే మెగ్నీషియం లోపాన్ని అనుమానించాలి.

ధరల్లో ఈ తేడాను ఢిల్లీయే సరిచేయాలి. భూసార పరీక్ష ఫలితం దుక్కి దున్నే లోపు రైతు చేతికి అందించడం మాత్రం ఇక్కడి వ్యవసాయ శాఖ ఈ సీజన్‌లోనే చేయగల పని.