ఈసీజీ బాగుంది, మరి ఛాతీ నొప్పి ఎందుకు?

ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పల్లెల నుంచి ఛాతీ నొప్పితో కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చి, ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు చేయించుకొని, "గుండెకేమీ లేదు" అన్న మాటతో సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లేవారు ఎందరో ఉంటారు. ఆ మాట పెద్ద ఊరటే. కానీ రాత్రికి నొప్పి మళ్లీ వచ్చినప్పుడు, ఇంట్లోవాళ్లు "డాక్టరే ఏమీ లేదన్నాడు కదా" అంటే, తన మాట ఎవరూ నమ్మడం లేదన్న బాధ కూడా నొప్పికి తోడవుతుంది. గుండెకేమీ లేదన్న మాటను మనం నొప్పే లేదన్నట్టుగా వినడం వల్లనే ఈ చిక్కు వస్తోందని నా అభిప్రాయం.

ఈసీజీ చూపేది తీసిన ఆ పది సెకన్లలో గుండెలో నడిచిన విద్యుత్తును మాత్రమే. ట్రోపోనిన్ అనేది గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ప్రోటీను. నొప్పి మొదలైన తొలి గంటల్లో అది ఇంకా పెరిగి ఉండకపోవచ్చు కనుక కొన్ని గంటలాగి మళ్లీ రక్తం తీస్తారు. బస్సు తప్పిపోతుందని ఆ రెండో పరీక్షకు ఆగకుండా వెళ్లిపోవడం ప్రమాదకరం. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ చిక్కుకోవడం, గుండె నుంచి బయల్దేరే అతిపెద్ద రక్తనాళమైన బృహద్ధమని గోడ చీలడం వంటి ప్రాణాంతక స్థితుల్లోనూ ఈసీజీ మామూలుగా కనిపించవచ్చు. అందుకే ఆయాసం, చెమటలు, సొమ్మసిల్లడం, వీపులోకి చీల్చినట్టు పాకే నొప్పి ఉంటే పాత రిపోర్టును నమ్ముకోకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇక గుండెది కాని నొప్పికి ఎక్కువగా కనిపించే కారణం అన్నవాహిక. అది గుండెకు సరిగ్గా వెనకనే ఉంటుంది. ఈ రెండింటి నుంచి నొప్పి కబురు మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోట చేరడం వల్ల, ఆ కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. రాత్రి ఆలస్యంగా కడుపునిండా తిని వెంటనే పడుకున్నప్పుడు జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్ని, రొమ్ము మధ్యలో మంట, బరువు, నోట్లో పులితేన్పులు పుట్టిస్తుంది. ఉగ్గాని బజ్జీ, కారం దోసె కొందరికి ఏ ఇబ్బందీ కలిగించకపోయినా, మరికొందరికి ఇదే బాధ తెస్తాయి. అన్నవాహిక కండరం ఒక్కసారిగా బిగుసుకుంటే వచ్చే నొప్పి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది. పైగా నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర ఈ బిగువును కూడా సడలిస్తుంది. కాబట్టి మాత్రతో తగ్గింది గనుక అది గుండె నొప్పేనని గానీ, సోడా తాగితే తగ్గింది గనుక గ్యాసేనని గానీ తేల్చుకోకూడదు.

బేతంచెర్లలో నాపరాళ్లు మోసేవారికీ, అనంతపురం చేలలో రోజంతా వంగి శెనక్కాయ చెట్లు పీకేవారికీ పక్కటెముకలు రొమ్ము ఎముకను కలిసే మృదులాస్థి వాచి నొప్పి పెట్టవచ్చు. వేలితో అదిమితే అదే నొప్పి తిరిగి రావడం దీని గుర్తు. ఒక పక్కన పట్టీలా మంటగా ఉంటే అది సర్పి కావచ్చు. పొక్కులు కనిపించడానికి కొన్ని రోజుల ముందే నొప్పి మొదలవుతుంది.

ఆందోళన గురించి కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. అమెరికా అంతర్యుద్ధ సైనికుల్లో ఛాతీ నొప్పి, గుండెదడ, ఆయాసం కలిసి రావడాన్ని, వారిలో చాలామందికి గుండె జబ్బు ఆనవాళ్లు లేకపోవడాన్ని డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే వివరంగా రాశారు. భయంతో ఊపిరి వేగం పెరిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ పట్టేస్తుంది. ఇది శరీరంలో నిజంగా జరిగే మార్పు. దాన్ని నటన అనడం అన్యాయం.

అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవలసింది, యాంజియోగ్రామ్ బాగున్నా గుండె నుంచే వచ్చే నొప్పి. ఆ పరీక్షలో గుండెపైనున్న పెద్ద ధమనులే కనిపిస్తాయి. అర మిల్లీమీటరు కంటే సన్నని నాళాలు కనిపించవు. అవి అవసరానికి తగినట్టు విప్పారకపోతే, పెద్ద ధమనిలో అడ్డు లేకపోయినా కండరానికి రక్తం చాలదు. ఇది స్త్రీలలో ఎక్కువ. పెద్ద ధమనే కాసేపు ముడుచుకొని మళ్లీ తెరుచుకునే రకాన్ని ప్రింజ్‌మెటల్ అనే వైద్యుడు 1959లో వర్ణించారు; అది విశ్రాంతిలో, తరచూ తెల్లవారుజామున వస్తుంది. వీటిని పట్టుకునే పరీక్షలు పెద్ద కేంద్రాల్లో ఉన్నాయి, తగ్గించే మందులూ ఉన్నాయి. ఏళ్ల తరబడి "టెన్షన్" అనిపించుకుంటున్న ఆడమనిషి తన నొప్పి బిందె ఎత్తినప్పుడు వస్తుందో, అన్నం తిన్నాక వస్తుందో, తెల్లవారుజామున నిద్ర లేపుతుందో, ఎన్ని నిమిషాలుంటుందో ఒక కాగితం మీద రాయించుకొని వెళ్తే, తర్వాత ఏ పరీక్ష చేయాలో డాక్టరుకు ఆ కాగితమే చెబుతుంది.