అతిథి కళ్ళతో చూసిన దేశాలు: పిల్లల నవలల్లో విదేశీ ప్రయాణాల వెనుక కథ

గట్టుకు పడ్డ చిల్లులో వేలు పెట్టి, రాత్రంతా చలిలో వణుకుతూ ఊరిని కాపాడిన హాలెండ్ కుర్రాడి కథ మనలో చాలామంది బళ్ళో విన్నదే. తమాషా ఏమిటంటే హాలెండ్‌లో అది తరతరాలుగా చెప్పుకున్న కథేమీ కాదు. దాన్ని ప్రపంచమంతా తిప్పింది 1865లో అమెరికాలో అచ్చయిన 'హాన్స్ బ్రింకర్' అనే పిల్లల నవల. రాసినావిడ మేరీ మేప్స్ డాడ్జ్. అప్పటికి ఆవిడ హాలెండ్‌లో అడుగే పెట్టలేదు. చరిత్ర పుస్తకాలు చదివి, తనకు తెలిసిన డచ్ కుటుంబాన్ని అడిగి రాసుకుంది. చివరికి 1950లో డచ్ పర్యాటక శాఖవాళ్ళే స్పార్న్‌డామ్ అనే ఊళ్ళో ఆ కుర్రాడికి విగ్రహం పెట్టించారు. పుట్టని పిల్లాడికి విగ్రహం!

పరాయి దేశం చూసే పిల్లల నవలలు ఎవరు రాయాలి, ఎవరి కళ్ళతో రాయాలి అని ఇవాళ ఇంగ్లీషు పుస్తక ప్రపంచంలో గట్టి వాదన నడుస్తోంది. దాని మూలాలు ఆ నవల్లోనే ఉన్నాయి. అందులో బెన్ అనే ఇంగ్లీషు కుర్రాడు చుట్టాలింటికి వస్తాడు. డచ్ కుర్రాళ్ళు గడ్డకట్టిన కాలవల మీద స్కేటింగ్ చేస్తూ అతన్ని ఊళ్ళన్నీ తిప్పుతారు. బెన్ అడుగుతాడు, వాళ్ళు చెబుతారు. గట్లు ఎందుకు కట్టారు, తులిప్ పూల మీద జనం ఆస్తులు ఎలా తగలేశారు, అన్నీ వస్తాయి. పేద హాన్స్ కథ మాత్రం అధ్యాయాల తరబడి అక్కడే ఆగిపోతుంది. వచ్చినవాడికి ప్రశ్నలు, ఉన్నవాడికి జవాబులు. ఈ పద్ధతి ఆ తర్వాత నూటయాభై ఏళ్ళపాటు వదల్లేదు. గైడు పని చేసే ఆ లోకల్ పిల్లాడికి కూడా వచ్చినవాణ్ణి చూస్తే ఏవో సందేహాలు వస్తాయని చాలామంది రచయితలకు తట్టనే లేదు.

తట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది స్విట్జర్లాండ్ రచయిత్రి యోహానా ష్పీరి. 1880లో వచ్చిన 'హైడీ'లో కొండ మీద తాతతో ఉండే పిల్లను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కి, ఒక ధనవంతుల ఇంటికి తీసుకుపోతారు. ఎత్తయిన కిటికీలు, పైకెక్కి చూసినా రాళ్ళు పరిచిన వీధి తప్ప ఇంకేం కనపడదు. భోజనంలో వేసే మెత్తటి తెల్ల రొట్టెలను హైడీ బట్టల బీరువాలో దాస్తుంది. కొండ మీద అవ్వ ఒకావిడ గట్టి రొట్టె నమల్లేదు కదా, ఆవిడకి ఇద్దామని. ఇంటి పెత్తనం చూసే ఆవిడ ఆ ఎండిపోయిన రొట్టెల గుట్టను చూసి పారేయిస్తుంది. పిల్ల నిద్రలో నడిచి వీధి తలుపు తీస్తుంటే ఇంట్లో దయ్యం తిరుగుతోందని అందరూ హడలిపోతారు. డాక్టరు వచ్చి, ఇది ఇంటి మీద బెంగ, వెంటనే పంపించేయండి అంటాడు. పరాయి చోట పిల్లలు పడే బాధ నాకు తెలిసి ఇంత కచ్చితంగా రాసిన పుస్తకాలు తక్కువ.

సామ్రాజ్యాల కాలంలో ఇంగ్లండ్‌లో వచ్చిన నవలల్లో మన దేశం ఎక్కువగా పిల్లలు వదిలేసి వెళ్ళే చోటే. 1911 నాటి 'ది సీక్రెట్ గార్డెన్'లో మేరీ ఇండియాలో ఆయాల మధ్య పెంకిగా, పీలగా పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ పల్లె గాలి తగిలాకే మనిషవుతుంది. పనిమనిషి మార్తా, నువ్వు నల్లపిల్లవనుకున్నాను అంటే మేరీకి ఒళ్ళు మండిపోతుంది. ఆ కోపం ఒక్కటి చాలు ఆ కాలం తెలియడానికి. మనవైపు నుంచి వెళ్ళి రాసినవాళ్ళు అరుదు. కలకత్తా దగ్గర పుట్టి అమెరికా చేరిన ధనగోపాల్ ముఖర్జీ ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కి వార్తలు మోయడానికి వెళ్ళిన కలకత్తా పావురం కథకు ఆయనకు 1928లో అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది.

రెండో యుద్ధం తర్వాత ఈ నవలలకు ఒక ఆశయం తగులుకుంది. నాజీల వల్ల జర్మనీ వదిలిపోయిన యూదు పాత్రికేయురాలు యెల్లా లెప్‌మాన్ యుద్ధం కాగానే తిరిగొచ్చి, చేతిలో డబ్బుల్లేకపోయినా దేశదేశాలకూ ఉత్తరాలు రాసి పిల్లల పుస్తకాలు తెప్పించింది. ఒకరి కథలు ఒకరు చదివిన పిల్లలు పెద్దయ్యాక కొట్టుకోరని ఆవిడ నమ్మకం. 1949లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం అలా పుట్టింది. అదే కాలంలో, 1947లో, యుద్ధాల్లో అంబులెన్సులు నడిపిన అమెరికన్ వాలంటీర్ల సంస్థ ఏఎఫ్ఎస్ 52 మంది విద్యార్థులతో స్కూలు ఎక్స్ఛేంజ్, అంటే పిల్లలు పరాయి దేశంలో కొన్నాళ్ళు ఉండి చదువుకునే పద్ధతి, మొదలుపెట్టింది. ఎక్స్ఛేంజ్ పెరిగేకొద్దీ దాని మీద నవలలూ వచ్చాయి. 2000 తర్వాత ప్యారిస్‌లోనో స్పెయిన్‌లోనో ఒక సెమిస్టర్ గడిపే టీనేజ్ అమ్మాయిల కథలు వరసగా దిగాయి. సరదాగా చదివిస్తాయి. కాకపోతే వాటిలో ప్యారిస్ తీసేసి రోమ్ పెట్టినా కథ ఎక్కడా ఆగదు.

ఈలోగా అమెరికాలో అసలు ప్రశ్న లేచింది. 1965లో విద్యావేత్త నాన్సీ లారిక్ ఒక వ్యాసంలో మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల లెక్క తీసింది. నల్లజాతివాళ్ళు కనీసం ఒక్కరైనా కనిపించినవి 6.7 శాతమే. అక్కణ్ణుంచి చర్చ రచయితల వైపు మళ్ళింది. 2000లో అమెరికన్ రచయిత్రి గ్లోరియా వీలన్ నవల 'హోమ్‌లెస్ బర్డ్'కి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. బాల వితంతువును బృందావనంలో వదిలేసే కథ అది. ఆవిడ ఇండియాకు రాకుండానే రాసింది. డాడ్జ్‌కి చెల్లిన పని వీలన్‌కి చెల్లలేదు, విమర్శలు గట్టిగానే వచ్చాయి. బయటివాళ్ళు రాయనే కూడదంటే నేను ఒప్పుకోను. కానీ చూడకుండా రాసినవాళ్ళకే బహుమతులు అందుతుంటే చూసినవాళ్ళకి మండదా?

ఇప్పుడు గట్టి నవలలు వస్తున్నది వలస కుటుంబాల నుంచి. మితాలీ పెర్కిన్స్ 'మాన్‌సూన్ సమ్మర్'లో (2004) కాలిఫోర్నియా అమ్మాయి అమ్మతో పుణెకి వస్తుంది. ఆ అమ్మను చిన్నప్పుడు అక్కడి అనాథాశ్రమం నుంచే దత్తత తీసుకున్నారు. థాన్హా లాయ్ 'లిజన్, స్లోలీ'లో (2015) పన్నెండేళ్ళ మాయ్, బీచ్‌లో గడపాల్సిన సెలవులు పాడయ్యాయని గొణుగుతూ నాయనమ్మ వెంట వియత్నాం వెళ్తుంది. యుద్ధంలో కనపడకుండా పోయిన తాత ఆచూకీ కోసం. వీళ్ళు పూర్తిగా అతిథులు కారు, ఇంటివాళ్ళూ కారు. ప్రశ్నలు రెండు వైపుల నుంచీ వస్తాయి.

తెలుగులో ఈ ప్రయాణం పెద్దల నవలతో మొదలైంది. మొక్కపాటి వారి 'బారిష్టర్ పార్వతీశం' మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, ఆడవాళ్ళ టోపీ పెట్టుకుని సీమకు పోతాడు. అక్కడ వింత చూడ్డానికి వెళ్ళినవాడే వింతైపోతాడు. ఇంగ్లీషు నవలలకు దశాబ్దాలు పట్టిన పని అది. ఆ తర్వాత మన పిల్లలకి విదేశమంటే మాస్కో నుంచి తక్కువ ధరకి వచ్చిన తెలుగు అనువాదాలే. సొంతంగా పిల్లల కోసం రాసినవి తక్కువ. ప్రతి ఎండాకాలం డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవలు దిగుతారు. జెట్ లాగ్‌తో అర్ధరాత్రి లేచి కూర్చుంటారు, మినరల్ వాటర్ తప్ప ముట్టుకోరు, అమ్మమ్మ చెప్పింది సగం అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిస్తారు. నవలకి కావాల్సిన సరుకంతా అక్కడుంది. చిక్కల్లా ఏ భాషలో రాయాలన్నదే. ఇంగ్లీషులో రాస్తే ఆ మనవడు చదువుతాడు, తెలుగులో రాస్తే అతనికి ఊరు చూపించిన పక్కింటి కుర్రాడు చదువుతాడు.