ఐదు కిలోమీటర్ల దొండకాయ

నెల క్రితం శ్రీకాకుళం జిల్లా కవిటి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. డిగ్రీలో నా దగ్గర ఫిజిక్సు చదువుకున్నవాడే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వీడింకా బడిలో ఉన్నాడు. కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయి, ఊళ్లో ఫోన్లన్నీ మూగబోయిన ఆ రోజులు వీడి బుర్రలో అలాగే ఉండిపోయాయి. అందుకే హామ్ రేడియో, అంటే ఫోన్లతో పని లేకుండా సొంత సెట్లతో సరదాకీ ఆపదలోనూ మాట్లాడుకునే రేడియో, దాని పరీక్ష రాశాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, రేడియోలో పేరులా పలకడానికి వి.యు.3 తో మొదలయ్యే కాల్‌సైన్ వచ్చింది, చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్ కొన్నాడు. మేం దాన్ని హ్యాండీ అంటాం.

"ఏటి మాస్టారూ, పెట్టి మీద పది కిలోమీటర్లని రాసుంది, సోంపేటలో మా ఫ్రెండుకి గురగుర తప్ప ఏటీ వినబడట్లేదు. పది వాట్ల సెట్టొకటి ఉందంట, అది కొంటే రెట్టింపు దూరం పోద్దా?"

కొనొద్దురా అన్నాను. ఎందుకో అరగంట చెప్పాను కూడా. చివర్లో వాడు "సరే మాస్టారూ" అన్న తీరు చూస్తే ఒక్క ముక్కా ఎక్కలేదని తెలిసిపోయింది, పాతికేళ్లు పాఠం చెప్పినవాడికి ఆ మాత్రం తెలుస్తుంది. అందుకని ఇదంతా రాస్తున్నాను.

తరంగమంటే ఏమిటి, మాడ్యులేషన్ అంటే ఏమిటి లాంటివి నేను చెప్పను, నాకే విసుగు. మనకి కావలసింది ఒక్క అంకె. మన దేశంలో హామ్‌లకి ఇచ్చిన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండులో తరంగం పొడవు 2 మీటర్లు, ఆ పైన కొంచెం. అందులో సగం 1 మీటరు. ఈ ఒక్క మీటరూ గుర్తుంచుకోండి, కథంతా దాని చుట్టూనే.

ఇప్పుడు ఒక తాడు లెక్క. ఏటా క్లాసులో అడిగేవాణ్ణి. కరెక్టుగా 5 కిలోమీటర్ల దూరంలో రెండు గుంజలు పాతారు, వాటి మధ్య బట్టలారేసుకునే తాడులా బిగుతుగా 5000 మీటర్ల తాడు కట్టారు. తర్వాత దానికి ఒకే ఒక్క మీటరు ముక్క అతికి, నడిమధ్యన పట్టుకుని పైకి ఎత్తారు. ఎంత ఎత్తు లేస్తుంది? జానెడు అంటారు. మోకాలెత్తు అంటారు. ఒకసారి ఒకమ్మాయి ధైర్యం చేసి నడుమెత్తు అంది, అందరూ నవ్వారు. ఐదు కిలోమీటర్లకి మీటరు వదులంటే మరి అది వదులా?

లెక్క వేద్దాం, పైథాగరస్ చాలు. సగం తాడు 2500.5 మీటర్లు, నేల మీద సగం దూరం 2500 మీటర్లు. రెండిటి వర్గాల తేడా 2500.25, దాని వర్గమూలం 50 మీటర్లు. అవును, 50 మీటర్లు! రెండు పొడుగాటి కొబ్బరిచెట్లు ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినంత. ఇది చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఒక నిమిషం నిశ్శబ్దం, తర్వాత అందరూ కాలిక్యులేటర్లు తీసి నన్ను పరీక్షించడం. పైథాగరస్ సూత్రాన్ని 3, 4, 5 త్రిభుజంతోనే చంపేస్తారు మన పుస్తకాల్లో, ఇలాంటి సన్నగా సాగిన త్రిభుజం ఒక్కటి చూపిస్తే జన్మలో మర్చిపోరు కదా.

దీనికీ రేడియోకీ ఏమిటి సంబంధం? తరంగం మన సెట్ నుంచి అవతలి సెట్‌కి దారంలా తిన్నగా పోదు. అన్ని దారుల్లోనూ పోతుంది. తిన్నగా వెళ్లింది ముందు చేరుతుంది, వంకరగా వెళ్లింది కాస్త వెనక చేరుతుంది. ఆ వెనకబాటు అర తరంగం లోపు ఉంటే, అంటే మన లెక్కలో 1 మీటరు లోపు ఉంటే, మొత్తం మీద అవన్నీ ఒకదానికొకటి సాయపడతాయి. దాటితే అడ్డు తగలడం మొదలెడతాయి. అంటే మన మాట అవతలికి గట్టిగా చేరాలంటే ఆ వదులు తాడు ఎంతవరకు లేస్తుందో అంత మేర దారి ఖాళీగా ఉండాలన్నమాట. పైకే కాదు, పక్కలకీ, కిందికీ కూడా. తాడుని చుట్టూ తిప్పితే వచ్చే ఆకారం ఏమిటి? రెండు కొసలా సన్నగా, నడిమి లావుగా ఉన్న దొండకాయ. పొడవు 5 కిలోమీటర్లు, నడుము దగ్గర అడ్డంగా కోస్తే చక్రం వెడల్పు 100 మీటర్లు. పుస్తకాల్లో దీని పేరు ఫ్రెనెల్ మండలం. లైట్‌హౌసుల్లో వాడే మెట్లమెట్ల గాజు అద్దం కనిపెట్టిన ఫ్రెంచి ఇంజినీరు ఫ్రెనెల్ ఈయనే, ఆయన లెక్క వేసింది వెలుతురుకి. వెలుతురు తరంగం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు కాబట్టి దాని దొండకాయ పొడవుతో పోలిస్తే దారమంత సన్నం, అందుకే కిరణం తిన్నగా పోతుందని మనం నమ్మేస్తాం. రేడియోకి వచ్చేసరికి దొండకాయ బాగా ముదిరిందన్నమాట!

ఇక కవిటి వద్దాం. మావాడు సెట్‌ని మూతి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు, నేల నుంచి మీటరున్నర ఎత్తు. సోంపేట పది పన్నెండు కిలోమీటర్లు, ఆ దూరానికి దొండకాయ నడుము దగ్గర ఇరుసు నుంచి తొక్క దాకా 70, 80 మీటర్ల మధ్య ఉంటుంది. కింది సగం మట్టిలో కూరుకుపోయింది. మిగిలిన పై సగంలో అడుగున అంతా కొబ్బరితోటలు, జీడితోటలు, డాబాలు, నీళ్ల ట్యాంకులు. చాలనట్టు, నేలకి తగిలి వచ్చే తరంగం తలకిందులై వచ్చి, తిన్నగా వచ్చినదాన్ని దాదాపు కొట్టేస్తుంది. మామూలు ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగో వంతు అవుతుంది, నేలని ఆనుకుని పోయేటప్పుడు మాత్రం పదహారో వంతు అయిపోతుంది. అందుకే 5 వాట్లని 10 వాట్లు చేస్తే దూరం రెట్టింపు కాదు, 19 శాతం పెరుగుతుంది. మూడు కిలోమీటర్లు పోయేది మూడున్నర పోతుంది, అంతే. బ్యాటరీ మాత్రం సగం సేపటికే అయిపోతుంది. అదే యాంటెన్నా ఎత్తు రెట్టింపు చెయ్యి, చదును నేల మీద అది పవర్ నాలుగు రెట్లు చేసినంత. దొండకాయని మట్టిలోంచి పైకి లాగుతున్నావు కదా.

ఇదంతా కాగితం మీదేనా అంటారేమో. రెండేళ్ల క్రితం నేనూ ఇంకో మిత్రుడూ శాలిహుండం వెళ్లాం. ఆయన్ని ఐదు కిలోమీటర్ల దూరంలో కళింగపట్నం ఒడ్డున దింపి, నేను కొండ కింద నిలబడి పిలిచాను. సరుగుడు తోటల అవతల నుంచి ఆయన మాట నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటల మధ్య అక్కడో ముక్క ఇక్కడో ముక్క వచ్చింది, ఆయన చెప్పింది టీ తాగుతున్నానో టీ తెమ్మనో తేలలేదు. బౌద్ధ స్తూపాల దగ్గరికి మెట్లెక్కాను. వంశధార, దాని చివర సముద్రం తిన్నగా కనిపించే చోట ఆగి, పవర్ 5 నుంచి 1 వాటుకి తగ్గించి పిలిచాను. పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది. టీ తాగుతున్నాడు.

దూరం పెరిగితే ఇంకో తంటా వస్తుంది, భూమి గుండ్రన. విజయనగరం నుంచి శ్రీకాకుళానికి తిన్నగా గీత గీస్తే 57 కిలోమీటర్లుంటుంది. మధ్యలో కొండలూ చెట్లూ ఏమీ లేవనుకున్నా, భూమి వంపు ఒక్కటే దిబ్బలా లేచి అడ్డం నిలబడుతుంది. గాలి రేడియో తరంగాన్ని కాస్త కిందికి వంచుతుంది, ఆ లాభం కలుపుకున్నాక కూడా ఆ దిబ్బ ఎత్తు 48 మీటర్లు. రెండు వైపులా పదహారు అంతస్తుల మేడ ఎక్కితే, దొండకాయ ఇరుసు ఆ దిబ్బని అలా రాసుకుంటూ పోతుంది. ఒకరు నేల మీదే ఉండిపోతే రెండోవారు 160 మీటర్ల కొండ ఎక్కాలి. దీన్నే ఇంకోలా చేస్తారు, మనకి బదులుగా కొండెక్కి కూర్చునే యంత్రమే రిపీటర్. మన మాట ఒక ఫ్రీక్వెన్సీలో విని, అప్పటికప్పుడు 600 కిలోహెర్ట్జ్ పైన ఉన్న ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా చెబుతుంది. దారిన పోయే గోలకంతా అది నోరు తెరవకుండా, మన సెట్ మాటతో పాటు చెవికి ఆనని సన్నటి హోరు ఒకటి పంపుతుంది, 88.5 హెర్ట్జ్ లాంటిది. ఈ టోన్ పెట్టుకోవడం మర్చిపోయి సెట్ పాడైందని షాపుకి తీసుకెళ్లినవాళ్లని నేనెరుగుదును. అందులో నేనూ ఉన్నాను.

అసలు తమాషా ఇంకోటుంది. శ్రీకాకుళం అందని ఈ 5 వాట్ల హ్యాండీకి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అందుతుంది. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది, అందులో హామ్ రిపీటర్ ఉంది, పైకి 145.990, కిందికి 437.800 మెగాహెర్ట్జ్. విజయనగరంలో మా డాబా మీద, స్టీలు కొలత టేపు ముక్కలతో చేసుకున్న, పాత టీవీ ఏరియల్ లాంటి యాగీ యాంటెన్నా దాని వైపు తిప్పి పట్టుకుని, రెండో చేత్తో, డాప్లర్ ప్రభావం వల్ల, అంటే కేంద్రం దగ్గరికొచ్చి మళ్లీ దూరమవుతున్నందువల్ల జారిపోతున్న ఫ్రీక్వెన్సీని 437.810 నుంచి 437.790 దాకా మెట్లు దించుకుంటూ పదినిమిషాలు విన్నాను. పక్క డాబా పిన్నిగారు వడియాలు తీసుకుంటూ "ఏం బాబూ, టీవీ రావట్లేదా?" అన్నారు. దొండకాయ అక్కడ ఇంకా లావు, కానీ అంతా ఖాళీ ఆకాశమే, మట్టీ లేదు, కొబ్బరాకూ లేదు. దూరం కన్నా అడ్డు ముఖ్యమనడానికి ఇంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు.

మావాడికి ఈసారి లెక్కలు చెప్పకుండా పని చెప్పాను. పాత గొడుగు ఊచలు ఐదు తీసుకో, ఒక్కోటి అరమీటరు దగ్గరగా కత్తిరించు, అంటే తరంగంలో పావు వంతు. ఒకటి నిలువుగా, నాలుగు కిందికి వాల్చి నాలుగు పక్కలా. కేబుల్ నడిమి తీగ నిలువు ఊచకి, పై అల్లిక మిగతా నాలుగింటికి. డాబా మీద ఇనప పైపు కొసన కట్టు. సన్నటి కేబుల్ పది మీటర్లు వాడితే అందులోనే మూడో వంతుకి పైగా పవర్ పోతుంది, కాబట్టి అవసరమైనంతే కొనుక్కో. ఉరుములు మొదలవకముందే కేబుల్ ఊడదీసి కింద పడేయ్, పైపుకి ఎర్తు వెయ్యి. ఏరియల్ పిడుగుని పిలుస్తుందని ఊళ్లో పెద్దలంటే నవ్వకు, ఎత్తైన ఇనుము విషయంలో వాళ్ల భయం న్యాయమైనదే. కొబ్బరి పిందెలు రాలిపోవడం కూడా దీనివల్లే అంటే మాత్రం నవ్వొచ్చు, 5 వాట్లంటే చిన్న నైట్ బల్బు. వాళ్లమ్మ పైపుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టిందట దిష్టి తగలకుండా. తీసెయ్యమంటారా అని అడిగాడు. ఉంచమన్నాను, ఊచలకి రెండడుగుల కింద ఉన్నాయి కదా.

సెట్ పట్టుకునే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పి వదిలేస్తాను. యాంటెన్నా నిలువుగా ఉండాలి, ఫోన్‌లా పక్కకి వాల్చి మాట్లాడితే అవతల నిలువుగా పట్టుకున్నవాడికి సిగ్నల్ బాగా పడిపోతుంది. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి మాట మింగేస్తుంది. అరవకూడదు, ఎఫ్ఎంలో అరిస్తే దూరం పోదు, మాట చితికిపోతుంది. హ్యాండీకి ఉన్న పొట్టి రబ్బరు యాంటెన్నా సగం యాంటెన్నాయే, మిగతా సగం మీ చెయ్యీ ఒళ్లూ. అందుకే బల్ల మీద పెట్టినప్పుడు ఒకలా, చేతిలోకి తీసుకుంటే ఒకలా పని చేస్తుంది. యాంటెన్నా అడుగున అరమీటరు తీగ ఒకటి వేలాడదీస్తే ఆ లోటు కొంత తీరుతుంది, హామ్‌లు దాన్ని పులితోక అంటారు, పులివేషాలు చూసిన మనకి ఆ పేరు వేరే చెప్పక్కర్లేదు. లైసెన్సు లేకుండా మాత్రం బటన్ నొక్కకండి. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు, అంత కష్టమేమీ కాదు.

పోయినవారం మళ్లీ ఫోన్ వచ్చింది. సోంపేట గుంటడు చక్కగా వినబడుతున్నాడట, 10 వాట్ల సెట్ ఊసే లేదు. కానీ ఇంకో గొడవ. "మొన్న పొద్దున్న ఆరింటికి సెట్ ఆన్ చేస్తే ఎవలో తమిళంలో మాట్లాడుతున్నారు మాస్టారూ, గంటసేపు విన్నాను. వందల కిలోమీటర్లు కదా, మధ్యలో భూమి వంపు ఉంటాదన్నారు, మీ దొండకాయ ఏటైంది?"

గాలి తరంగాన్ని కాస్త కిందికి వంచుతుందని పైన ఒక ముక్కలో అనేసి దాటేశాను, వాడు అక్కడే పట్టుకున్నాడు. కొన్ని పొద్దులప్పుడు సముద్రం మీద తేమగా చల్లగా ఉన్న గాలి కిందా, నేల మీంచి వీచిన పొడి వెచ్చటి గాలి పైనా పొరలుగా సర్దుకుంటాయి. ఆ పొర మధ్య వంపు ఎంత గట్టిగా ఉంటుందంటే తరంగం భూమి వంపుతో పాటే వంగుతుంది, పైకి పోలేక కిందికి దిగలేక గొట్టంలో నీళ్లలా తీరం వెంబడి పోతుంది. ఆ పొర వందల అడుగుల మందం ఉంటేనే 2 మీటర్ల తరంగం అందులో ఇరుక్కుంటుంది, ఎండెక్కి గాలి కలిసిపోతే గొట్టం విచ్చిపోతుంది. ఆ తమిళాయన ఏడింటికి మాట మధ్యలోనే ఆగిపోయాడట.