ఆ ఎర్ర అంకెను నమ్మకండి: క్లీనర్ టూల్స్‌పై అపోహలు, వాస్తవాలు

కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లందరికీ ఈ ఫోన్ అలవాటే. "క్లీనర్ టూల్‌తో స్కాన్ చేస్తే పద్దెనిమిది వందల తప్పులు చూపిస్తోందండీ. ఫిక్స్ నొక్కమంటారా?" అడిగేవాళ్ల గొంతులో కంగారు తెలుస్తూనే ఉంటుంది. పని ఆగిపోతుందేమో, ఫైళ్లు పోతాయేమో అని టెన్షన్. వాళ్లను తప్పుపట్టను. స్క్రీన్ నిండా ఎరుపు కనిపిస్తే ఎవరికైనా భయం వేస్తుంది. నాకు కోపం వచ్చేది ఆ భయాన్ని పెట్టుబడిగా పెట్టుకున్న టూల్స్ మీద, "మాకు పనిచేసింది, మీరూ వేసుకోండి" అని విన్న మాటను ముందుకు పంపేవాళ్ల మీద.

అపోహ: రిజిస్ట్రీలో (విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు రాసుకునే చోటు) చెత్త పేరుకోవడం వల్లే కంప్యూటర్ నెమ్మదిస్తుంది. క్లీన్ చేస్తే మళ్లీ కొత్తదానిలా అవుతుంది.

జనానికి ఎక్కువ నష్టం చేసేది ఈ ఒక్క నమ్మకమే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

తీసేసిన ప్రోగ్రాముల తాలూకు ఎంట్రీలు రిజిస్ట్రీలో మిగిలిపోవడం నిజమే. కానీ విండోస్ తనకు కావలసిన ఎంట్రీ కోసం రిజిస్ట్రీ మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవదు. పేరు పట్టుకుని నేరుగా ఆ చోటికే వెళ్తుంది. నిఘంటువులో ఎవరూ వాడని మాటలు ఓ వెయ్యి ఉన్నాయనుకోండి, వాటివల్ల మీకు "కలువ" అన్న మాట దొరకడం ఆలస్యం కాదు కదా. ఇదీ అంతే. మిగిలిపోయిన ఎంట్రీలన్నీ కలిపినా పట్టే చోటు ఒక్క ఫొటో అంత కూడా ఉండదు.

మరి ఆ పద్దెనిమిది వందలు ఏమిటి? ఒకసారి నాకూ అనుమానం తీరక, విండోస్ కొత్తగా వేసి గంట కూడా కాని మెషీన్‌లో ఇలాంటి టూల్స్ మూడు తెచ్చి, స్కాన్ మాత్రమే చేసి చూశాను. మూడూ తప్పులు చూపించాయి. మూడు అంకెలూ వేరువేరు. దేన్ని తప్పు అనాలో ఆ టూల్ రాసినవాళ్ల ఇష్టం. ఏదైనా ఎంట్రీ చెప్పే ఫైల్ ఆ క్షణంలో కనిపించకపోతే చాలు, లెక్కలో ఒకటి కలుపుతారు. ఆ ఫైల్ మీరు అప్పుడు తగిలించని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉండొచ్చు, ఆఫీస్ నెట్‌వర్క్‌లో ఉండొచ్చు. టూల్‌కు అది అనవసరం. ఫిక్స్ నొక్కిన మర్నాడు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదని వచ్చేవాళ్లలో చాలామంది కథ ఇదే.

1990ల చివర్లో మైక్రోసాఫ్టే రెగ్‌క్లీన్ అనే టూల్ ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకుంది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సపోర్ట్ చేయమని ఆ కంపెనీ ఇప్పుడు రాతపూర్వకంగానే చెబుతోంది.

అంకెలను పుట్టించడం ఎంత తేలికో అర్థం కావాలంటే అమెరికాలో జరిగిన ఒక కేసు చూడండి. ఆఫీస్ డిపో దుకాణాల్లో "పీసీ హెల్త్ చెక్" అని ఒక ప్రోగ్రాం నడిపేవారు. స్కాన్‌కు ముందు నాలుగు ప్రశ్నలు: నెమ్మదిగా ఉందా, పాప్‌అప్‌లు వస్తున్నాయా, అలాంటివి. వాటిలో ఒక్కదానికి టిక్ పెట్టినా మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రాం) లక్షణాలున్నాయని చూపించేది. స్కాన్‌లో ఏం తేలిందన్న దానితో సంబంధమే లేదు. 2019లో ఆ కంపెనీ, ప్రోగ్రాంను అందించిన సపోర్ట్.కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టడానికి, వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకున్నాయి.

టూల్‌కు పెట్టిన డబ్బు చిన్న నష్టం. పెద్ద నష్టం వేరే ఉంది. మా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. లాప్‌టాప్ కొన్ని నెలలుగా నెమ్మదిగా ఉందట. ఎవరో చెబితే క్లీనర్ కొన్నారు. ప్రతి ఆదివారం నడిపేవారు. "అంకె సున్నాకు రాగానే మనసు కుదుటపడేది బాబూ" అన్నారు. చివరికి ఒకరోజు మెషీన్ ఆన్ కాలేదు. డిస్క్ తీసి వేరే మెషీన్‌కు తగిలించి, డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ చూస్తే, పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లో డేటా ఉండే చిన్న భాగాలు) బోలెడు, చదవలేక పెండింగ్‌లో ఉన్నవి ఇంకొన్ని. హార్డ్ డిస్క్ నెలల తరబడి చావుకు దగ్గరవుతోంది. పాడైన చోట చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వల్లే ఆ నెమ్మది. ఆ నెలల్లో ఏ ఒక్కరోజు బ్యాకప్ తీసినా అన్నీ దక్కేవి. నేను రెండు రోజులు కూర్చుని కాపీ చేశాను. పాఠాల నోట్సు వచ్చింది. ఫొటోల ఫోల్డర్లు సగం రాలేదు. "వారం వారం చూసుకుంటూనే ఉన్నాను కదా" అని ఆయన అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన చూసుకుంటున్నది నిజం. చూపించాల్సిందాన్ని ఆ టూల్ చూపించలేదు.

కాబట్టి మెషీన్ నెమ్మదిస్తే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లలో ఏది నిండిపోయిందో కనిపిస్తుంది. పెద్దగా ఏ పనీ చేయకుండానే డిస్క్ గంటల తరబడి నూరు శాతం దగ్గరే ఉంటే, ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకున్నాకే మిగతా సంగతి. స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేనివి డిజేబుల్ చేయడం కూడా అక్కడే.

అపోహ: బయటి టూల్స్ అన్నీ మోసమే, విండోస్‌లో ఉన్నవే చాలు.

ఇదీ సరికాదు. పైన చెప్పిన స్మార్ట్ వివరాలను పూర్తిగా చూడటానికి నేను వాడేది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, బయటి టూలే. సి డ్రైవ్‌ను ఏ ఫోల్డర్ తినేస్తోందో చూడటానికి విన్‌డర్‌స్టాట్ వాడతాను. ఇవి ఉన్నదాన్ని చూపించి ఊరుకుంటాయి. ఏం చేయాలో మనం నిర్ణయించుకుంటాం. బయటి టూల్‌ను ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. భయపెట్టి, ఏం మారుస్తోందో చెప్పకుండా ఒకే క్లిక్‌తో అన్నీ బాగుచేస్తానంటే ఇన్‌స్టాల్ చేయను.

విండోస్‌లో ఉన్నవాటితోనూ జాగ్రత్త కావాలి. 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌లో డిస్క్ క్లీనప్ జాబితాలోకి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా చేరింది. అన్నింటికీ టిక్ పెట్టే అలవాటున్నవాళ్లు దాచుకున్న ఫైళ్లు పోగొట్టుకున్నారు. తర్వాత దాన్ని తీసేశారు. అక్కర్లేని ఫైళ్లను తనే తీసేసే స్టోరేజ్ సెన్స్‌లో ఇప్పటికీ డౌన్‌లోడ్స్‌కు ఒక ఆప్షన్ ఉంది, మీరు మార్చకపోతే దాని జోలికి పోదు.

అపోహ: పేరున్న క్లీనర్ అయితే భయం లేదు.

2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దాడి చేసినవాళ్లు మాల్‌వేర్ చొప్పించారు. అది కంపెనీ అధికారిక డౌన్‌లోడ్‌లోనే దాదాపు నెలరోజులు జనానికి వెళ్లింది. సుమారు 22 లక్షల కంప్యూటర్లలో చేరింది. ఇలాంటి టూల్‌కు అడ్మిన్ హక్కులు (సిస్టంలో ఏదైనా మార్చే అధికారం) ఇస్తున్నామన్నది గుర్తుంటే, నిజంగా అవసరం ఉందా అని ఒకసారి ఆలోచిస్తాం.

మిగతావి గబగబా. ర్యామ్ బూస్టర్లు వద్దు. ఖాళీ ర్యామ్‌ను విండోస్ క్యాష్ కోసం, అంటే మళ్లీ కావలసినవి దగ్గర పెట్టుకోవడానికి వాడుకుంటుంది, దాన్ని ఖాళీ చేయిస్తే మళ్లీ డిస్క్ నుంచి చదవాలి. ఎస్‌ఎస్‌డి (కదిలే భాగాలు లేని డిస్క్) కోసం, ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ టూల్ కొనక్కర్లేదు. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఎస్‌ఎస్‌డిని గుర్తుపట్టి తనే ట్రిమ్ (ఏ చోట్లు ఖాళీ అయ్యాయో డిస్క్‌కు చెప్పే కమాండ్) పంపుతుంది. డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపించే ప్రోగ్రాములు) విండోస్ అప్‌డేట్ నుంచి, లేదంటే మెషీన్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి తీసుకోండి. రెండు యాంటీవైరస్‌లు పెట్టుకోవద్దు. సిస్టం ఫైళ్లు పాడయ్యాయనిపిస్తే డిఐఎస్‌ఎం, ఎస్‌ఎఫ్‌సి కమాండ్లు విండోస్‌లోనే ఉన్నాయి.

ఇప్పటికే ఫిక్స్ నొక్కేసినవాళ్లకు ఒక మాట. కంగారులో ఆ క్లీనర్‌ను వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. చాలా టూల్స్ మార్చేముందు బ్యాకప్ తీసుకుంటాయి, అందులోనే రిస్టోర్ లేదా అన్‌డూ అని ఉంటుంది. ముందు దాన్ని వాడండి. అది కుదరకపోతే, విండోస్‌ను పాత స్థితికి తీసుకెళ్లే సిస్టం రిస్టోర్‌లో ఆ తేదీకి ముందు పాయింట్ ఏదైనా ఉందేమో చూడండి. అంతా సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకున్నాకే టూల్ తీసేయండి. డబ్బు కట్టి ఉంటే ఆటో రెన్యువల్‌ను విడిగా ఆపాలి, ప్రోగ్రాం తీసేసినంత మాత్రాన కార్డు నుంచి కట్ అవడం ఆగదు.