నాలా, జోన్, ప్లాన్: ఇంటి స్థలం విషయంలో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల స్థలం కొనేవాళ్లు మూడు వేర్వేరు కాగితాలను ఒకటే అనుకుని నష్టపోతున్నారు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా నమోదు చేసేది రెవెన్యూ శాఖ. ఈ మార్పునే నాలా అంటారు. ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో చెప్పే పటం మాస్టర్ ప్లాన్. అందులో జోన్ మార్పు, అంటే సీఎల్‌యూ (భూవినియోగ మార్పిడి), ప్రభుత్వ ఉత్తర్వుతో (జీవోతో) జరుగుతుంది. ఇంటి ప్లాన్ స్థానిక సంస్థ నుంచో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నుంచో వస్తుంది.

అపోహ: నాలా అయింది కాబట్టి ఇల్లు కట్టుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే. 2006 నాటి నాలా చట్టం కింద రెవెన్యూ అధికారి ఇచ్చే ప్రొసీడింగ్స్‌తో రెవెన్యూ రికార్డు మారుతుంది, మాస్టర్ ప్లాన్ మారదు. 2013 జనవరిలో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ మెట్రోపాలిటన్ ప్లాన్‌లో మీ సర్వే నంబర్ కన్జర్వేషన్ జోన్‌లో (కట్టడాలను పరిమితం చేసిన ప్రాంతంలో) ఉంటే, చేతిలో నాలా ఉన్నా ఇళ్ల లేఅవుట్‌కు అనుమతి రాదు. ముందు సీఎల్‌యూ కావాలి. దానికి దరఖాస్తు, స్థల తనిఖీ, అభ్యంతరాల కోసం ప్రకటన, చార్జీలు, చివరికి జీవో. నెలలు పడుతుంది, వస్తుందన్న హామీ కూడా లేదు. "సీఎల్‌యూకి పెట్టాం సార్, వచ్చేస్తుంది" అని చెప్పి అమ్మే స్థలానికి అడ్వాన్స్ ఇవ్వకండి. తిరగేసి చూస్తే, జోన్ రెసిడెన్షియల్ అయినా పట్టా పాస్‌బుక్‌లో వ్యవసాయ భూమిగానే ఉంటే సీఎల్‌యూ అక్కర్లేదు కానీ నాలా తప్పదు.

అందుకే కొనేముందు సర్వే నంబర్, గ్రామం పేరుతో హెచ్‌ఎండీఏ నుంచి భూవినియోగ ధ్రువపత్రం తీసుకోండి. పటంలో మీ ముక్క ఎక్కడ పడుతుందో సర్వేయర్‌తో గుర్తు పెట్టించండి. ఒకే సర్వే నంబర్‌లో సగం రెసిడెన్షియల్, సగం కన్జర్వేషన్ ఉండటం మామూలే. ప్లాన్‌లో ప్రతిపాదించిన రోడ్డు మీ స్థలం మీదుగా పోతోందేమో కూడా చూడండి. పోతుంటే ఆ మేరకు స్థలం వదులుకోవాలి, మిగిలినదాంట్లోనే సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) సర్దుకోవాలి.

అపోహ: జోన్ రెసిడెన్షియల్ అయితే ప్లాన్ రావడం ఖాయం.

వాస్తవం: జోన్ ఒక్కటే చాలదు, దగ్గర్లో చెరువుందేమో కూడా చూడాలి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, ఎత్తు సంగతి ఆ తర్వాత.

అపోహ: 75 గజాల లోపు స్థలానికి ఏ నిబంధనా వర్తించదు.

వాస్తవం: ఇళ్ల అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 నాటి బీపాస్ చట్టంలో 75 గజాల వరకు, 7 మీటర్ల ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. కానీ చెరువు శిఖంలో (చెరువు నీరు నిలిచే భూమిలో), ప్రభుత్వ భూమిలో కట్టే హక్కు రాదు. 500 చదరపు మీటర్లు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే వచ్చే అనుమతి కూడా మీరిచ్చిన వివరాల మీదే నిలబడుతుంది. తనిఖీలో అబద్ధమని తేలితే రద్దవుతుంది.

అపోహ: ప్లాన్ మంజూరైతే స్థలం మనదేనని తేలినట్టే.

వాస్తవం: కాదు. హక్కు తేల్చాల్సింది సివిల్ కోర్టు. లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకం పత్రాలు), ఈసీ (స్థలంపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) విడిగా చూసుకోవాల్సిందే.

అపోహ: ఇంటికి తీసుకున్న ప్లాన్‌తో కింద షాపులు, పైన హాస్టల్ పెట్టుకోవచ్చు.

వాస్తవం: ప్లాన్‌లో రాసిన వాడకానికే అనుమతి. వాడకం మారితే పార్కింగ్, మెట్లు, ఫైర్ లెక్కలూ మారతాయి. అందుకే సవరించిన ప్లాన్ తీసుకున్నాకే షట్టర్ పెట్టించండి.