శ్రీహరికోట గేటుకు తాళం వేసిన చట్టం ఏది?

రాకెట్ ఎగిరే రోజు సూళ్లూరుపేటలో మేడల మీద జాగా దొరకదు. తూర్పున చెట్ల పైనుంచి మంట లేస్తుంది, ఫోన్లన్నీ పైకి లేస్తాయి. చప్పుడు మాత్రం దాదాపు నిమిషం ఆలస్యంగా వచ్చి కిటికీ రెక్కల్ని గడగడలాడిస్తుంది. ఊరికీ ప్రయోగ కేంద్రానికీ మధ్య దూరం పద్దెనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, అందులో చాలా మేర పులికాట్ సరస్సే. అటకానితిప్ప దగ్గర ఆగి ఫ్లెమింగోలను చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీవిలోకి అడుగు పెట్టాలంటే మాత్రం పాస్ ఉండాలి. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాన్లు ఉంటారు.

ఆ గేటు ఏ చట్టం ప్రకారం మూసి ఉంది? అడిగితే చాలామంది ‘ఇస్రో కదా’ అని ఊరుకుంటారు. కానీ ఇస్రో పుట్టకముందే ఆ దీవిలో లోపలివాళ్లు, బయటివాళ్లు అనే లెక్క మొదలైంది.

శ్రీహరికోట అడవి 1835లో మద్రాసు ప్రభుత్వం చేతికి వచ్చింది. సర్కారుకు కావలసింది వంటచెరకు. పెరుగుతున్న మద్రాసు నగరంలో పొయ్యిలు మండాలంటే ఇక్కడి కట్టెలు పడవల్లో బకింగ్‌హాం కాలువ మీదుగా వెళ్లాలి. అప్పటికే అక్కడ యానాదులున్నారు. తేనె, కుంకుళ్లు, వేర్లు, చేపలు, చిన్నా చితకా వేట, ఇదీ వాళ్ల బతుకు. తర్వాత తర్వాత అటవీ చట్టాలు వచ్చాక, ఏరుకున్న సరుకు సర్కారుది, ఏరినందుకు కూలీ యానాదిది అన్నట్టయింది. తమ అడవిలో తాము ఎవరి దయతోనో తిరగడం వాళ్లకు రాకెట్లతో కొత్తగా వచ్చిన అనుభవం కాదు.

1960ల చివర్లో విక్రమ్ సారాభాయ్ బృందం తూర్పు తీరంలో చోటు కోసం వెతికింది. కేరళలోని తుంబా నుంచి 1963లోనే రాకెట్లు ఎగిరాయి గానీ, అవి పైకి వెళ్లి కిందపడే చిన్న రాకెట్లు. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే భూమి తిరిగే వేగం కలిసొచ్చేలా తూర్పుకు ఎగరెయ్యాలి. తుంబా నుంచి తూర్పుకంటే జనం నెత్తిమీదుగానే. స్థలాలు చూసి రమ్మని సారాభాయ్ పంపిన ఏక్‌నాథ్ చిట్నిస్ శ్రీహరికోటను పట్టుకున్నారు. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు సరస్సు, మధ్యలో జనం పల్చగా. 1969లో చోటు ఖాయమైంది, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. కేంద్రం విస్తీర్ణం దాదాపు 145 చదరపు కిలోమీటర్లు. ఆ ‘పల్చగా ఉన్న జనం’లో ఎక్కువమంది యానాదులే. వాళ్లలో కొందరిని దీవిలోనే వేరేచోటికి మార్చారు, మిగతావాళ్లు సరస్సు ఇవతలికి వచ్చారు. అప్పుడు అమల్లో ఉన్న భూసేకరణ చట్టం 1894 నాటిది. అది పట్టా ఉన్నవాడికి పరిహారం లెక్క కట్టేది. అడవిలో ఏరుకుని బతికేవాడి దగ్గర చూపించడానికి పట్టా ఎక్కడిది?

నేల స్వాధీనం అయ్యాక కాపలాకు చట్టం కావాలి. అంతరిక్ష కేంద్రాల కోసం విడిగా రాసుకున్న చట్టం మన దగ్గర లేదు. ప్రభుత్వ స్థలాన్ని ‘నిషిద్ధ స్థలం’గా ప్రకటించాలంటే ఇప్పటికీ చేతికి దొరికేది 1923 నాటి అధికార రహస్యాల చట్టం. బ్రిటిష్‌వాళ్లు 1889లో ఒకటి చేసి, కర్జన్ కాలంలో 1904లో దాన్ని బిగించి, చివరికి 1923లో ఈ రూపానికి తెచ్చారు. వాళ్ల భయం గూఢచారుల గురించి. అందుకే సెక్షన్ 3లో మాటలు అలా ఉంటాయి: దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశంతో నిషిద్ధ స్థలంలోకి వెళ్లడమే కాదు, దాని దరిదాపుల్లో ఉన్నా నేరమే. ఆ ఉద్దేశాన్ని రుజువు చెయ్యడానికి ఫలానా పని చేశాడని చూపించనక్కర్లేదు. పరిస్థితులు, నడవడిక, ఆ మనిషికున్న పేరు చూసి నిర్ణయించొచ్చు. సైనిక వ్యవహారాలకు సంబంధించినదైతే పద్నాలుగేళ్ల దాకా, మిగతావాటికి మూడేళ్ల దాకా జైలు. శ్రీహరికోట పౌర సంస్థ. మరి అక్కడి నేరం ఏ గాటికి వస్తుంది? నా మటుకు ఈ చట్టాన్ని రాకెట్ కేంద్రానికి వాడటంలో పెద్ద ఇబ్బంది ఇక్కడే ఉంది.

మామూలు అక్రమ ప్రవేశమైతే పాత శిక్షాస్మృతిలో 447వ సెక్షన్ కింద మూడు నెలలు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. కంచె ఒకటే, దాటిన కాలూ ఒకటే. మూడు నెలలా మూడేళ్లా అన్నది మనసులో ఏముందన్న దాని మీద ఉంటుంది. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చినవాడు ఆ మనసును ఎలా తెరిచి చూపించాలో!

ఆ చట్టంలో ఒక చిన్న మంచి ముక్క కూడా ఉంది. సెక్షన్ 2 ప్రకారం ఒక ప్రభుత్వ స్థలాన్ని నోటిఫికేషన్ ఇచ్చి నిషిద్ధం చేస్తే, దాని ప్రతిని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అక్కడ అంటించాలి. అంటే శ్రీహరికోట లాంటి చోట తెలుగు బోర్డు ఉండటం మర్యాద కోసం కాదు, చట్టం అడిగిన షరతు.

గేటు మూయడానికి రహస్యం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ప్రమాదం ఇంకో కారణం, నిజానికి బలమైనది. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగంలో జరిగిన పేలుడులో ఆరుగురు చనిపోయారు. 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ లేచిన నిమిషం ప్రాంతంలోనే అదుపు తప్పితే, నేల నుంచి ఆదేశం పంపి సముద్రం మీద పేల్చేశారు. ఇలాంటి రోజు కోసమే ప్రయోగానికి ముందు మత్స్యకారులకు వేటకు వెళ్లొద్దని చెబుతారు, విమానాలకూ ఓడలకూ హెచ్చరికలు వెళ్తాయి. తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్ల దాకా మన సముద్రం, ఆపైన విదేశీ ఓడలను ఆపే హక్కు మనకు లేదు, హెచ్చరించడమే. ఒక్క పడవ కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని వాలప్స్‌లో 2014 అక్టోబరు 27న ప్రమాద పరిధిలోకి పడవ రావడంతో యాంటారెస్ ప్రయోగాన్ని ఆపేశారు. మర్నాడు అదే రాకెట్ లేచిన కొద్ది సెకన్లకే పేలిపోయింది.

ప్రమాదం గంటల్లో పోతుంది, రహస్యం ఏళ్ల తరబడి ఉంటుంది. రెండింటికీ ఒకే తాళం వేయడం మన పద్ధతి. ఆస్ట్రేలియా ఆయుధాలు, రాకెట్లు పరీక్షించే తన ఊమెరా నిషిద్ధ ప్రాంతానికి 2014లో విడిగా నిబంధనలు రాసుకుంది. ఎరుపు, అంబర్, ఆకుపచ్చ జోన్లుగా విడగొట్టి, గనులవాళ్లనూ పశువుల పెంపకందార్లనూ ఎక్కడ ఎంతకాలం బయట ఉంచొచ్చో చెప్పింది. అక్కడా ఆదివాసులు నేల పోగొట్టుకున్నారు, కథ శుభ్రంగా ఏం లేదు. కానీ కనీసం కాగితం మీద లెక్క ఉంది.

మన దగ్గర గేటు కాస్త తెరుచుకున్నది 2019లో. మార్చి 31న ఐదువేల మంది కూర్చుని ప్రయోగం చూసే గ్యాలరీ మొదలైంది, మర్నాడే పీఎస్‌ఎల్‌వీ-సీ45 రాకెట్ ఎగిరింది. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. ఇది హక్కుగా వచ్చింది కాదు, అనుమతిగా వచ్చింది. ఏ ప్రయోగానికైనా ఇవ్వొచ్చు, మానొచ్చు. తర్వాత కంపెనీలు వచ్చాయి. హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్‌ను ఇక్కడినుంచే ఎగరేసింది, అగ్నికుల్ దీవిలో సొంత ప్రయోగ వేదికే కట్టుకుంది. ప్రైవేటు ఉద్యోగి రోజూ లోపలికి వెళ్లే చోట గూఢచారుల కోసం రాసిన చట్టం ఎంతవరకు సరిపోతుంది? 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా బయటికి వచ్చింది, చట్టం కాలేదు. 2023లో వచ్చింది విధానమే, దాని కింద ఎవరికీ శిక్ష వెయ్యలేరు.

ఇప్పుడు రెండో ప్రయోగ కేంద్రం తమిళనాడులోని కులశేఖరపట్నంలో. 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అక్కడా తీరమే, అక్కడా మత్స్యకారులే. ఈలోగా కొత్త చట్టం రాకపోతే అక్కడి గేటుకూ 1923 నాటి సెక్షన్లే దిక్కు. కాకపోతే బోర్డు తమిళంలో ఉండాలి.