మీ కలల పైపు బ్లెండ్: ఆకు కలిపే పనిలో ఉన్నవాడిగా కొన్ని అపోహలు, వాస్తవాలు

పొగాకు కొనడం, గ్రేడ్ చేయడం, కలపడం నా వృత్తి. పనంతా సిగరెట్ ఆకుతోనే అయినా నా ఇష్టం మాత్రం పైపు పొగాకు. సిగరెట్‌లో ఏ ఆకు ఏం చేస్తుందో తాగేవాడికి తెలియదు. పైపులో తెలుస్తుంది. అందుకే పైపు తాగేవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, "నీ చేతికే అన్ని ఆకులూ ఇస్తే ఏం కలుపుతావ్?" అన్న ముచ్చట మొదలవుతుంది. ఆ ముచ్చట్లలో మళ్లీ మళ్లీ వినిపించే తప్పు మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది. అలవాటు లేనివాళ్లను పైపు మొదలుపెట్టమని నేను ఎప్పుడూ చెప్పను. ఎందుకో కింద రాశాను, అది తప్పక చదవండి.

అపోహ: పేరున్న ఆకులన్నీ తెచ్చి కలిపితే గొప్ప బ్లెండ్ తయారవుతుంది.

కలల బ్లెండ్ రాయమంటే చాలామంది ముందు కట్టెల పొగ పట్టించిన లటాకియా, తర్వాత పులియబెట్టిన పెరీక్, ఆ తర్వాత ఏదో ఒక టర్కీ ఆకు పేరు రాస్తారు. అడుగున ఏ ఆకు ఉండాలో ఎవరూ రాయరు. బ్లెండ్ నిలబడేది, పడిపోయేది అక్కడే.

ఆ అడుగు ఆకులు ముఖ్యంగా రెండు: వర్జీనియా, బర్లీ. వాటి మధ్య తేడా విత్తనంతోనే ఆగదు, ఆరబెట్టే పద్ధతిలో అది ఇంకా పెరుగుతుంది. వర్జీనియా ఆకుని బ్యారన్‌లో, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదిలో, కట్టాక మొదటి రోజున్నర, రెండు రోజులు వేడి 40 డిగ్రీలు దాటనివ్వరు, తేమ పోనివ్వరు. అప్పటికి ఆకు ఇంకా బతికే ఉంటుంది. పచ్చదనం పోయి పసుపు తిరుగుతుంటే లోపలి పిండి పదార్థం చక్కెరగా మారుతుంటుంది. సరిగ్గా ఆ సమయంలో వేడి పెంచి, గాలి వదిలి ఆకుని ఆరబెడతారు. ఆలస్యమైతే మచ్చలు పడతాయి, తొందరపడితే పచ్చ అలాగే ఉండిపోతుంది. చివర్లో 70 డిగ్రీల దగ్గర ఈనె ఎండుతుంది. విరిస్తే టక్కుమని విరగాలి. మొత్తం సుమారు వారం రోజుల పని. చక్కెర ఖర్చయ్యేలోపే ఆకు ప్రాణం పోతుంది కాబట్టి ఆ తీపి లోపలే ఉండిపోతుంది. మంచి వర్జీనియా బరువులో 15 నుంచి 20 శాతం వరకు చక్కెర ఉంటుంది.

బర్లీ కథ వేరు. దాన్ని నీడలో, గాలి ఆడేచోట వారాల తరబడి వేలాడదీస్తారు. ఆకు మెల్లగా చస్తూ తన చక్కెరని తానే తినేస్తుంది. చివరికి తీపి దాదాపు ఏమీ మిగలదు. అందుకే వర్జీనియా పొగ ఆమ్ల గుణంతో చురుగ్గా, తియ్యగా ఉంటే, బర్లీ పొగ క్షార గుణంతో కాస్త చేదుగా, నిండుగా ఉంటుంది. ఒకదాని పదును ఇంకొకటి తగ్గిస్తుంది. బ్లెండింగ్‌కి పునాది ఈ లెక్కే. మిగతా ఆకులన్నీ దీని మీద కూర్చునేవి.

ఓరియంటల్ ఆకు టర్కీ, గ్రీస్, మాసిడోనియా కొండ నేలల్లో పండుతుంది. చిన్న ఆకు, ఎండలో ఆరుతుంది, సువాసన ఎక్కువ. బేస్‌లో తీపి, చేదు తేలాక దాన్ని తెస్తే దాని పరిమళం తెలుస్తుంది. పెరీక్ అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ పారిష్ అనే చిన్న ప్రాంతం సరుకు. ఆకుని విస్కీ పీపాల్లో గట్టిగా నొక్కి, దాని రసంలోనే పులియబెడతారు. మధ్యమధ్య తీసి గాలి తగలనిచ్చి మళ్లీ నొక్కుతారు. పుల్లగా, మిరియాల ఘాటుతో ఉంటుంది. పోపులో ఇంగువ లాంటిది అది. ఎంత ఇష్టమైనా ఎవరూ చెంచాలకొద్దీ వేయరు. సగానికి సగం పెరీక్ రాసుకున్న కలల బ్లెండ్లు నేను చూశాను. నా మటుకు 10 శాతం దాటితే వర్జీనియా తీపి ఇక తెలియదు.

అపోహ: ఆకు ఎంత నలుపైతే అంత ఘాటు.

మన దగ్గర ఈ నమ్మకం లంక పొగాకు నుంచి వచ్చి ఉంటుంది. గోదావరి లంకల్లో పండే చుట్టాకు ముదురు రంగుది, నిజంగానే ఘాటు. కానీ పైపు ఆకులకు ఆ లెక్క పనికిరాదు. బొగ్గులా నల్లగా ఉండే లటాకియానే తీసుకోండి. పేరు సిరియా రేవు పట్టణానిది. ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ పేరుతో దొరుకుతుంది. ఎండలో ఆరిన ఆకుకి రోజుల తరబడి కట్టెల పొగ పట్టిస్తారు. వాసన గది దాటి వెళ్తుంది, నికోటిన్ మాత్రం మామూలే. లేత గోధుమ రంగులో, వాసన కూడా పెద్దగా లేని బర్లీ దీనికంటే ఎక్కువ తలకెక్కుతుంది.

నిజానికి "ఘాటు" అని మనం అనేది మూడు వేర్వేరు సంగతులు: నోట్లో పొగ నిండుదనం, నాలుక మీద చురుకు, ఒంట్లోకి ఎక్కే నికోటిన్. మీకు ఏది కావాలో, ఏది వద్దో ముందు తేల్చుకోకపోతే కలల బ్లెండ్ కలగానే ఉంటుంది. మూడోది ఎక్కువైతే కళ్లు తిరిగి, చెమటలు పట్టి, వాంతి వచ్చేలా ఉంటుంది. నికోటిన్ ఆకు రకాన్ని బట్టే కాదు, మొక్కలో స్థానాన్ని బట్టి కూడా మారుతుంది. అడుగాకులో నికోటిన్ తక్కువ, పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. రైతు మొక్క తల తుంచితే ఇంకా పెరుగుతుంది.

అపోహ: పైపు పొగ మింగరు కదా, హాని లేదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. చదువుకున్నవాళ్లు కూడా అంటారు. బర్లీ పొగ క్షార గుణంతో ఉంటుందని పైన చెప్పాను. అలాంటి పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలోకి వెళ్లిపోతుంది, ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేదు. అలవాటు పడటానికి అది చాలు. ఇక పొగలోని క్యాన్సర్ కారకాలు పెదవి, నాలుక, గొంతు, అన్నవాహిక అన్నిటినీ తాకుతూనే పోతాయి. పైపుకీ పెదవి క్యాన్సర్‌కీ సంబంధం ఉందని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లోనే తేల్చింది. మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగుట్లో వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. "ఏం కలపలేదు, అంతా నేచురల్" అన్న ఆకు కూడా దీనికి మినహాయింపు కాదు. నేను ఆకుని ప్రేమిస్తాను, కానీ ఈ విషయంలో అబద్ధం చెప్పను. మా ఇంట్లో పిల్లలకు చెప్పేదే మీకూ చెబుతున్నాను: మొదలుపెట్టకండి. తాగేవాళ్లు తగ్గించండి, మానగలిగితే ఇంకా మంచిది.

అపోహ: కేవెండిష్ ఒక ఆకు రకం.

కాదు. అది తయారీ పద్ధతి. వర్జీనియానో బర్లీనో ఆవిరి పట్టించి, నొక్కి మెత్తబరిచినదాన్ని కేవెండిష్ అంటారు. ఏ ఆకుతో చేశారో అడగకుండా కొనకండి.

అపోహ: డబ్బా మూత తీయగానే వచ్చే వాసనే రుచి.

వెనీలా, రమ్, చెర్రీ లాంటి పరిమళాలను చివర్లో ఆకు మీద చల్లుతారు. నిప్పు తగలగానే అందులో చాలా భాగం గాల్లో కలిసిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్లకు కమ్మగా ఉంటుంది, తాగేవాడికి అడుగున ఉన్న ఆకే మిగులుతుంది. మామూలు ఆకుని పరిమళంతో కప్పేసిన డబ్బాలు బజార్లో కొల్లలు. ఆకు బాగుందో లేదో తెలియాలంటే సగం పైపు దాటాక చూడండి.

అపోహ: నాలుక మండితే ఆకు నాసిరకం.

చాలాసార్లు తప్పు తేమది. తడి ఎక్కువున్న ఆకు సరిగా అంటుకోదు, అంటుకోదని గబగబా లాగుతాం, వేడి ఆవిరి నాలుక మీద పడుతుంది. చక్కెర ఎక్కువున్న వర్జీనియాతో ఇది ఇంకా ఎక్కువ. పైపులో నింపేముందు తేమ 12 నుంచి 15 శాతం మధ్య ఉంటే చాలు. మీటరు అక్కర్లేదు. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య గట్టిగా నొక్కి వదలండి. ముద్దగానే ఉండిపోతే తడి ఎక్కువ, కాసేపు కాగితం మీద ఆరబెట్టండి. పొడిపొడిగా రాలితే మరీ ఎండింది. మెల్లగా విచ్చుకుంటే తేమ సరిపోయింది. డబ్బా తీసిన వెంటనే నింపుకునే అలవాటు వల్ల ఎన్నో మంచి బ్లెండ్లకు చెడ్డ పేరు వచ్చింది.

అపోహ: పాళ్లు దొరికితే బ్లెండ్ దొరికినట్టే.

ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచాడు. వచ్చినవాళ్ల ఇష్టాన్ని బట్టి ఎవరి మిశ్రమం వాళ్లకు కలిపి ఇచ్చి, పుస్తకంలో నంబరు వేసి రాసుకునేవారు. "మై మిక్స్చర్ 965" అన్న ప్రసిద్ధమైన పేరులోని నంబరు అలా వచ్చిందే. కలల బ్లెండ్ అన్న ఊహకి ఇంతకంటే మంచి ఇల్లు ఉండదు. కానీ ఆ పుస్తకం మన చేతికి వచ్చినా ఆ పొగాకు రాదు. కాగితం మీద "వర్జీనియా" అన్న ఒక్క మాట ఉంటుంది. ఏ నేలది, ఏ ఏడాదిది, ఏ వరుస ఆకు అన్నది అందులో ఉండదు.

మన దగ్గరే చూడండి. ప్రకాశం నల్లరేగడిలో పండిన వర్జీనియా సాత్వికంగా ఉండి పక్క ఆకు రుచిలో కలిసిపోతుంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు తేలిక నేలల ఆకుకి సొంత రుచి ఉంటుంది. ఒకే వర్జీనియా, ఒకే రాష్ట్రం, రెండు వేరే ఆకులు. వాన ఎక్కువైన ఏడాది ఆకు పల్చబడుతుంది, కరువు ఏడాది మందంగా, కారంగా వస్తుంది. బ్లెండర్ అసలు పని పాళ్లు కనిపెట్టడం కాదు, ఏటా మారే ఆకుతో మారని రుచి తేవడం. అందుకోసం కాగితం మీది పాళ్లను ఏటా మార్చాల్సి వస్తుంది.

కలిపిన రోజు తాగి తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. విడి ఆకులు ఒకదాని తేమ, నూనె ఒకటి పట్టుకోవడానికి వారాలు పడుతుంది. గాజు సీసాలో మూత బిగించి పెట్టండి. వర్జీనియా ఎక్కువున్న బ్లెండ్ ఏళ్ల తరబడి మెరుగవుతుంది. లటాకియా మాత్రం కాలం గడిచేకొద్దీ మెత్తబడుతుంది, ఆ పొగ వాసన కోసమే కలుపుకుంటే ఎక్కువకాలం దాచకండి.

నన్ను అడిగితే, నా ఊహలోని బ్లెండ్ ఇది. 55 శాతం జంగారెడ్డిగూడెం వైపు నడిమాకు, అందులో సగం ఆవిరి మీద ఎర్రబరిచింది. 20 శాతం గ్రీస్ బాస్మా అనే ఓరియంటల్ ఆకు. 15 శాతం వినుకొండ బర్లీ, పెనం మీద దోరగా వేయించింది. లటాకియా 7 శాతం, అది ఉందని తెలియాలి గానీ ముందుకు రాకూడదు. పెరీక్ 3 శాతం. మీ ఊహని కాగితం మీద పెట్టేటప్పుడు ముందు 20 గ్రాములకే లెక్క వేయండి. ఇందులో బర్లీ 3 గ్రాములు, పెరీక్ గ్రాములో సగం కంటే కాస్త ఎక్కువ. బంగారం తూచే చిన్న కాటా కావాలి, చేతి అంచనా కుదరదు. మార్చాలనుకుంటే ఒకసారికి ఒక్క ఆకే మార్చండి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. నా మటుకు పెరీక్ 3 దగ్గరే ఆగాలా, 5 దాకా పోవాలా అన్నది ఆ ఏడాది వర్జీనియాలో చక్కెర ఎంత ఉందో చూశాకే చెప్పగలను.